నీలం పట్టా కింద మా అక్క

మేడ మీద గదికి బూడిద రంగు వేసిందని తెలిసి, ఆ పిల్లను ఖాళీ చేయమందామనే పైకెక్కాను.

నాచారంలో మాది చిన్న ఇల్లు. కింద నేనుంటాను. పైన ఒక గది, ఒక వంటిల్లు. రెండేళ్ల కింద ఆ గదిలోకి ముప్పై అయిదేళ్ల ఆమె ఒకతె అద్దెకు దిగింది. వీడియోల పని అంది. ఏదైతేనేం, మంచిగా ఉంటే చాలు అనుకున్నాను. దిగిన వారానికే నా లేతపచ్చ గోడల మీద తన రంగు వేయించింది. తలుపు తోసి చూస్తే నాలుగు గోడలూ పొయ్యిలో బూడిదే. కిటికీకి నల్ల పరదా.

"ఏందమ్మా ఇది? ఎవరన్న సచ్చిన్రా ఇంట్ల?"

"పనికోసం పెద్దమ్మా."

"బూడిదల కూసొని జేసే పనేంది? సన్యాసం గిట్ల తీసుకున్నవా?"

ఆమె నవ్వింది కానీ తగ్గలేదు. "గోడ పచ్చగుంటే ఆ పచ్చ నా కంట్ల పడ్తది. అప్పుడు స్క్రీన్ మీద మనిషి మొహం ఉన్నదానికంటే ఎర్రగ కనబడ్తది. ఎరుపు ఎక్కువైందని నేను తగ్గిస్త. తీరా బయట సూస్తే మనిషి పాలిపోయి ఉంటడు. గోడకు ఏ రంగు లేకుంటేనే కన్ను నిజం జెప్తది."

తిడదామనుకున్నదాన్ని ఆగాను. ఎందుకంటే ఆ మాట నేను ముందే విన్నాను. ఇంకో నోటి నుంచి, ఇదే నాచారంలో.

ఇండస్ట్రియల్ ఏరియాలో నూలుకు రంగు వేసే మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. మిల్లు ఇప్పుడు లేదు, ఆ జాగాలో గోదాములు లేచాయి. నన్ను అక్కడ పెట్టించింది మా అక్క. అప్పటికే ఆమె రంగు తొట్ల దగ్గర పనిచేసేది. నాది మొదట చిలపలు, అంటే నూలు కట్టలు, మోసే పని. నా కన్ను మంచిదని కనిపెట్టి డైయింగ్ మాస్టర్ నన్ను రంగు కుదిరిందో లేదో చూసే షేడ్ కిటికీ దగ్గర నిలబెట్టాడు. ఉత్తరం వైపు కిటికీ అది, ఎండ నేరుగా పడదు. ఆ గది గోడలూ బూడిద రంగే. రంగు చీరలు కట్టుకొచ్చే ఆడవాళ్లం చీర మీద తెల్ల కోటు తొడుక్కోవాలి. చీర రంగు నూలు మీద పడితే షేడ్ తప్పుతుందని మాస్టర్ పట్టింపు. ట్యూబులైటు కింద కవల పిల్లల్లా ఉన్న రెండు చిలపలు ఆ కిటికీ దగ్గరికి రాగానే ఆస్తి పంచుకున్న పాలోళ్లలాగా విడిపోయేవి. అందుకే పగటి వెలుగులోకి తెచ్చి చూడకుండా ఏ రంగునూ నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ దుకాణంలో చీర కొంటే మెట్ల మీదికి పట్టుకొచ్చి చూస్తాను. దుకాణం వాళ్లు నేను ఎత్తుకుపోతున్నానని వెంటబడతారు.

ఆ రోజు బూడిద గోడలు చూసి కోపం మింగాను. "పరదా ఇంకో పొర కుట్టిచ్చుకో, అంచులకాడ ఎండ వస్తున్నది" అని చెప్పి దిగొచ్చాను.

నాకు అక్షరాలకంటే ముందు రంగులు వచ్చు. నలభై ఆరేళ్లకు గానీ చదువు రాలేదు. అంతవరకు షేడ్‌ల పేర్లు నేనే పెట్టుకునేదాన్ని: తడిమట్టి, ఎండుమిరప, కందిపువ్వు, పాత ఇత్తడి. మాస్టర్ చీటీ రాసిస్తే ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఒకసారి చదివినామె నంబరు తప్పు చదివింది. ఒక తొట్టి నూలంతా పాడైంది. మాట పడ్డది నేను. ఆ సాయంత్రమే అక్క పలక కొనుక్కొచ్చి నా ఒళ్లో పెట్టింది. "కండ్లు నీయి, అచ్చరాలు ఇంకొకరియి అయితే ఎట్లనే? నేర్సుకో" అంది. "మరి నువ్వు?" అంటే, "నాకెందుకు, నువ్వు సదివి జెప్పు" అంది. బస్తీలో పెద్దల బడికి రెండేళ్లు పోయాను. ఇది రాస్తున్నదీ ఆ అక్షరాలతోనే. వంకరగా ఉంటాయి, కానీ నావి.

మేడ మీదికి మధ్యాహ్నాలు పోవడం అలవాటైంది. ఆమె పని చూడబుద్ధయ్యేది. ఎవరో తీసిన వీడియోకు ఈమె రంగు సరిచేస్తుంది, దానికి ఒక మనసు పెడుతుంది. కలర్ గ్రేడింగ్ అంటారట. చేతి కింద ఒక పలక, దాని మీద మూడు బంతులు. ఒకటి నీడలకు, ఒకటి వెలుగులకు, ఒకటి నడిమి వాటికి. వేలి చివర్లతో ఆ బంతులను వెంట్రుకవాసి తిప్పేది. పసిపిల్ల తలను పక్కకు తిప్పినట్టు.

ఒకరోజు ఉప్పల్ క్రాస్‌రోడ్డులో మెట్రో పిల్లర్ల కింద ఆటోలో కూర్చున్న ఒక మనిషి బొమ్మ పెట్టింది. చిన్న సినిమాకు తీసింది. మిట్టమధ్యాహ్నం, అంతా తెల్లగా మండిపోతున్నది. ఆమె వెలుగును కొంచెం అణిచి, నీడల్లో చిటికెడు నీలం కలిపింది. అంతకుముందు గిరాకీ కోసం చూస్తున్న మనిషి, ఇక ఎవరూ రారని తెలిసిన మనిషైపోయాడు. అతని ముఖంలో ఒక్క గీత మారలేదు. అయినా నాకు జాలేసింది. ఆ నీలం తీసేసి వెలుగు పడ్డచోట కాస్త పసుపు తగిలించింది. ఇప్పుడు ఇంట్లో తిని, పెండ్లాంతో నవ్వి వచ్చినవాడిలా ఉన్నాడు.

"గిది మోసం గాదా?" అన్నాను. నాకు మనసులో ఒకటి ఉంచుకోవడం రాదు.

"నూలు తెల్లగుంటది గద పెద్దమ్మా. రంగేసి అమ్మిన్రు మీరు. మోసం జేసిన్రా?"

కిటికీ వైపు చూశాను. అక్కడ నల్ల పరదా తప్ప ఏమీ లేదు.

అంత మాత్రాన ఆమె చేసిందంతా నాకు నచ్చిందని కాదు. పెళ్లి వీడియోలలో మనుషులంతా జిలేబీ రంగు, చెట్లన్నీ నెమలి ఈకల రంగు. "గిదేం పెండ్లి, అందరికి కామెర్లు వచ్చినట్టున్నది" అన్నాను. "ఆళ్లు గట్లనే అడుగుతరు" అని తల పట్టుకుంది. కానీ ఎవరూ ఏమీ అడగని పనులలో ఆమె చెయ్యి చూడాలి. ముందు ఉన్నది ఉన్నట్టు తెస్తుంది. కెమెరా తప్పులు, బల్బుల తప్పులు తీసేస్తుంది. ఆ తర్వాతే మనసు పెట్టడం. మా మిల్లులోనూ అంతే. నూలును ఉడకబెట్టి, కడిగి, దాని జిడ్డంతా పోయాకే తొట్లో వేయాలి. కడగని నూలు ఎంత మంచి రంగునైనా మరకలు మరకలుగానే తాగుతుంది. అరగంటకోసారి ఆమె లేచి ఉత్త గోడను చూస్తూ నిలబడేది, కన్ను తేటపడాలని. నేనూ అలాగే నిలబడేదాన్ని. చూసేవాళ్లకు పిచ్చి అనిపిస్తుంది.

మా అక్క పోయి ఏడాది కావస్తున్నప్పుడు ఆమె కొడుకు మా ఇంటికి వచ్చాడు. దమ్మాయిగూడలో కొత్త కాలనీలో ఉంటాడు. చంకలో పేపరు చుట్టిన పెద్ద ఫ్రేము. విప్పి నా ముందు నిలబెట్టాడు.

"ఎవర్రా ఈమె?"

"గదేంది చిన్నమ్మా. అమ్మ."

ఫ్రేములో ఉన్నామె గులాబీ రంగులో ఉంది. బుగ్గలు పూరీల్లా పొంగి మెరుస్తున్నాయి. పెదవులకు ఎరుపు. మా అక్క పెదవికి ఎరుపంటే ఆకూవక్కే.

"మీ అమ్మ గాదు. గిది ఎవరో సబ్బుల కంపెనీ ఆమె."

వాడు ఫ్రేమును గోడకు ఆనించి కింద కూర్చున్నాడు. "నీకు తెల్వదా చిన్నమ్మా? అమ్మను ఊరంత నల్లది నల్లది అన్నరు. పెండ్లిళ్ల ఫోటో అంటే వెనకకు పోయి నిలబడేది. ఇప్పుడన్న, గోడమీదనన్న జర తెల్లగుండనియ్యి."

వాడి మాట నాకు గుచ్చుకుంది. ఫోటో స్టూడియోల వాళ్లు చనిపోయిన అందరినీ ఇలాగే తెలుపు చేసి ఇస్తారు. అడగకపోయినా చేస్తారు, అదొక మర్యాద అనుకుంటారు. వీడు అడిగి చేయించాడు, ప్రేమతో. నల్లది అన్నవాళ్లకు వీడు ఇచ్చిన జవాబు అది. కానీ ఆ జవాబులో మా అక్క లేదు. వాడి పిల్లలు చిన్నవాళ్లు. పదేళ్లు పోతే వాళ్లకు నాయనమ్మ అంటే ఆ గోడ మీది ముఖమే.

"వేరే ఫోటో లేదార?"

"యాడ దిగింది? గీ ఒక్క వీడియోనే. దీంట్లకెల్లే తీపిచ్చిన. సూడు, శవమోలె ఉన్నది."

సెల్లులో చూపించాడు. శివరాత్రి మరునాడు కీసర జాతరకు పోయినప్పుడు తీసింది. గుట్ట కింద అన్నం పెట్టే పందిరి. పైన నీలం ప్లాస్టిక్ పట్టా. ఎండ ఆ పట్టాలోంచి దిగి కింద ఉన్న అందరినీ నీలం చేసేసింది. అక్క ముఖం సీసం రంగులో ఉంది, కట్టుకున్న చీర వంకాయ రంగులో ఉంది. ఆమె మాత్రం వడ్డించేవాడితో తగువాడుతున్నది. "పులిహోర గింతనే పెట్టినవేందిరా? నేనేమన్న పిట్టనా?" అని పెద్దగా నవ్వింది. అంతే వీడియో.

"వచ్చే ఆదివారం ఏడాది" అన్నాడు వాడు. "అప్పటిలోపు ఇంతకంటే మంచిది తెస్తే గదే పెడ్త చిన్నమ్మా, నీ మీద ఒట్టు. లేకుంటే ఇదే. ఖాళీ గోడ పెట్టలేను గద."

ఆ వీడియో నా సెల్లుకు పంపించుకుని మేడ మీదికి పోయాను. తొమ్మిది రోజులున్నాయి.

ఆమె దాన్ని పెద్ద తెర మీద పెట్టి చాలాసేపు చూసింది. "నీలం తియ్యొచ్చు. కానీ ఎంత తియ్యాలె? నేను మీ అక్కను సూడలే. రంగు ఎట్లుంటుండె?"

"పాత చింతపండు నలుపు. ఎండల నిలబడితే లోపలికెల్లి ఎరుపు కనబడ్తది."

"మాట సాలదు పెద్దమ్మా. మీ చింతపండు వేరే, నా చింతపండు వేరే. దీంట్ల ఉన్న వస్తువు ఏదన్న ఇప్పుడు మనకాడ ఉన్నదా? దాని అసలు రంగు దొరికితే దాంతోని అన్నీ వస్తయి."

వంకాయ రంగు చీర వైపు చూశాను. అది వంకాయ రంగు కాదు. నా ఎండుమిరప. దసరాకు మిల్లులో మా నూలుతో నేసిన బట్టలు మాకు అమ్మేవాళ్లు. ఒకే తానులోంచి రెండు చీరలు, అక్కకొకటి నాకొకటి తీసుకున్నాం. ఆ నూలు షేడ్‌ను కిటికీ దగ్గర ఒప్పుకున్నదీ నేనే.

కిందికి దిగి ట్రంకుపెట్టెలోంచి నా చీర తెచ్చాను. ఆమె తెర పక్కన పగటి వెలుగులాంటి దీపం ఒకటి ఉంటుంది, దాని కింద పరిచింది. బంతులు తిప్పుతూ వీడియోలో చీరను నా చీర రంగులోకి లాక్కొచ్చింది. నీలం పోయింది. కానీ అక్క ముఖం కుంకుమ రాసుకున్నట్టు ఎర్రగా మండింది. కళ్ల తెల్లగుడ్డు కూడా గులాబీ రంగుకు తిరిగింది. ఆమె నా వైపు చూసింది.

"గిట్లనే ఉంటుండెనా?"

కాదు అన్నాను. అయితే ఎలా ఉండేదో చెప్పమంటే నోరు రాలేదు. వేల చిలపలు చూసిన కన్ను, ఒక్క ఏడాదికే అక్క రంగు మరిచిపోయిందా? రెండు రోజులు మేడ ఎక్కలేదు. వాడు వదిలిపోయిన ఫ్రేములోని గులాబీ ఆమె మా ముందుగదిలో నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

మూడోరోజు పొద్దున బట్టలు పిండుతుంటే తట్టింది. చేతిలో బట్ట అలాగే వదిలేశాను. నా చీర పెట్టెలో పడుకున్న చీర. మహా అయితే నాలుగుసార్లు కట్టాను. అక్క ఆ చీరను వారానికోసారి కట్టి, ఉతికి, ఎండలో ఆరేసింది. ఏళ్లకేళ్లు. ఎరుపు అన్నిటికంటే ముందు ఎండకు ఓడిపోతుంది. మిల్లులో చేరిన ప్రతివాళ్లకు నేనే చెప్పేదాన్ని ఆ సంగతి. చెప్పినదాన్నే మరిచిపోయాను. వెలిసిన చీరను కొత్త చీరగా లాగితే ముఖం మండక ఏం చేస్తుంది?

వెంటనే దమ్మాయిగూడకు ఫోను కొట్టాను. "మీ అమ్మ కీసరల కట్టిన చీర ఏదిరా?"

వాడు నసిగాడు. "గదా... బొంతల ఏసి కుట్టింది మీ కోడలు. పిల్లగాడు కప్పుకుంటడు."

"బొంత పట్కరా. ఇప్పుడే."

"ఇప్పుడా? డ్యూటీకి పోవాలె చిన్నమ్మా."

"పోయేటప్పుడే తేరా. మీ అమ్మ బొంతలున్నది."

బండి ముందు బొంత మడతపెట్టుకుని వచ్చాడు. పైన వేరే చీరలు. అక్క చీర లోపలి పొర. కోడలి కుట్టు గట్టిది, చెప్పుకోవాలి. మూలన నాలుగు వేళ్ల మేర కుట్లు విప్పి వేలు పెట్టి లాగాను. నా ఎండుమిరప కాదు అది. ఎండలో నిలువనిలువ ఇటుక దారి పట్టిన ఎరుపు. పొర లోపల దాక్కుని, అక్క కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మేడ మీది ఆమెనూ పిలుచుకుని ముగ్గురం డాబా మీదికి పోయాం. పది గంటల వెలుగు, మెట్ల గది నీడలో బొంత పరిచాం. ఆమె ఒంగి చూసింది, లేచి దూరం పోయి చూసింది, మళ్లీ వచ్చి వేలితో ముట్టి చూసింది. మా మాస్టర్ అలా చూసేవాడు.

గదిలోకి వచ్చి దీపం కింద బొంత మూల పెట్టి బంతుల మీద చేతులు వేసింది. అక్క ముఖం జోలికి ఆమె పోనే లేదు. ఆమె కన్నంతా చీర మీదే. వంకాయ పోయింది. ఎరుపు వచ్చింది. ఎక్కువైంది, కాస్త వెనక్కి తీసింది. ఇంకాస్త. పందిరి గుంజ కట్టె రంగుకు వచ్చింది. విస్తరాకు ఆకుపచ్చైంది. పులిహోర పసుపైంది. చీర ఇటుక రంగు దగ్గర ఆగినప్పుడు ముఖం తనంతట తానే వచ్చి కూర్చుంది. పాత చింతపండు. నుదుటి దగ్గర, ముక్కు కొన దగ్గర లోపలి నుంచి ఆ ఎరుపు.

నేను మరిచిపోలేదు. నా కన్నుకు గుర్తుంది, నోటికే చేతకాలేదు.

అక్క కొడుకు తెర దగ్గరికి పోయాడు. దవడ కింద వేలు పెట్టి, "గీ మచ్చ" అన్నాడు. రంగు తొట్టి ఆవిరి తగిలి కాలిన మచ్చ అది, చింతగింజంత. "గీ మచ్చ ఫ్రేముల లేదు. నేను సూసుకోనే లేదు చిన్నమ్మా. సిన్నప్పుడు దాని మీద ఏలు పెట్టుకొని పండుకునేటోణ్ని."

ఆమె కుర్చీ తిప్పింది. "ఉన్నది ఉన్నట్టు వచ్చింది అన్నా. ఇప్పుడు చెప్పున్రి, సూస్తే ఎట్ల అనిపియ్యాలె?"

వాడు ముఖం తుడుచుకుని, "జర దేవతలెక్క" అన్నాడు. ఆమె కాదనలేదు. అంచుల్లో బంగారు వెలుగు నింపి, ముఖం చుట్టూ మెత్తటి పొగలాంటిది తెచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. నాకు నవ్వొచ్చింది.

"క్యాలెండర్ల లచ్చిమి లెక్కున్నది. గా లచ్చిమి పులిహోర కోసం కొట్లాడ్తదార?"

వాడూ నవ్వాడు. ఏడాది తర్వాత వాడు నవ్వగా చూశాను.

ఆమె బంగారమంతా తీసేసింది. వీడియోను మళ్లీ మొదటి నుంచి నడిపి, ఆ నవ్వు దగ్గర నిలిపింది. అప్పుడు చేసిన పని చూడండి. అక్కను ముట్టకుండా, వెనకనున్న జనాన్ని, గిన్నెలను, పందిరి గుంజను కొంచెం కొంచెం చీకట్లోకి జరిపింది. వెలుగు పడ్డచోట మాత్రం, పాలలో పసుపు చిటికెడు వేసినంత వెచ్చదనం. జీవితమంతా ఫోటోల్లో వెనక వరసకు పోయిన మనిషి, ఎవరూ తోయకుండానే ముందుకొచ్చింది. ఏం మార్చిందని అడిగితే నేను చూపించలేను. చెయ్యి పడ్డచోటు కనబడొద్దు, అదే మంచి రంగు పని అనేవాడు మా మాస్టర్. ఆయన ఉంటే ఈ పిల్లకు తన కుర్చీ ఇచ్చేవాడు. నేను కిందికి పోయి చాయ పెట్టుకొచ్చాను. నాకు తెలిసిన మర్యాద అదే.

ఫోటో ముద్రించే చోటికి ఆమే వచ్చింది. వాళ్లు అలవాటు కొద్దీ "మొహం జర క్లీన్ చేద్దమా మేడం?" అంటే, "దేన్ని ముట్టుకోవద్దు" అని పక్కనే నిలబడి తీయించింది.

ఆదివారం పొద్దున్నే దమ్మాయిగూడ చేరేసరికి కొత్త ఫోటో అదే పాత ఫ్రేములో, దండతో సహా గోడకు ఉంది. అంబర్‌పేట నుంచి వచ్చిన మా మేనత్త కోడలు కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "అయ్యో, జర తెల్లగ జేపియ్యకపోతిరి" అంది.

నేను నోరు తెరిచేలోపే వాడు అన్నాడు. "జేపిచ్చిన అత్తమ్మా. అమ్మను గుర్తువట్టరాలే."

ఆమె మళ్లీ చూసి, "ఔ, నవ్వు గిట్లనే ఉంటుండె" అని దండ సరిచేసింది.

నాకు మాత్రం ఏదో వెలితి. ముఖం మీద సన్నగా పచ్చ ఛాయ. చూస్తే నెత్తి మీదే ట్యూబులైటు.

"ఫ్రేము దించురా" అన్నాను.

"ఇప్పుడా చిన్నమ్మా? అయ్యగారు వచ్చిండు."

"అయ్యగారు ఉంటడు. దించు."

కోడలు గొణుగుతూనే వాకిలికి ఎదురు గోడ మీద గడియారం తీసేసింది. వాడు ఫ్రేమును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. తలుపు నేను బార్లా తీశాను.

"ఈడనా?"

"జర కిందికి. ఇంకింత. ఆగు."

పది గంటల వెలుగు వాకిట్లోంచి వచ్చి అక్క ముఖం మీద పడింది. ఆ మచ్చ దాకా కనబడింది.

"ఆఁ. గాడనే కొట్టు మేకు" అన్నాను.